మా జేజి రూపాయి మీద గీట్లు

పోయిన చలికాలం కర్నూలులో ఒక కల్యాణ మండపంలో పాత నాణేలు, నోట్లు, స్టాంపుల ప్రదర్శన పెడితే చూడటానికి పోయాను. ముందురోజు అక్కడ ఎవరిదో పెళ్లయినట్టుంది, స్తంభాలకు బంతిపూల దండలు ఇంకా వేలాడుతున్నాయి. ఒక టేబుల్ మీద రెండు ఆర్కాటు రూపాయలు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒకటి శుభ్రంగా ఉంది. రెండోదాని మీద అరడజను చిన్న చిన్న గుర్తులు. ఒక చుక్క, ఒక నెలవంక, ఒక పువ్వులాంటిది, అంచున రెండు గాట్లు. మొదటిదానికి చెప్పిన ధరలో సగం కూడా లేదు దీని ధర. ఎందుకని అడిగాను.

"పాడైన పీసు సార్. ఎవడో గీకి చెడగొట్టినాడు" అన్నాడు అమ్మే ఆయన.

ఆ 'ఎవడో' నాతోపాటే బస్సెక్కింది. నంద్యాల దాటి, ఆళ్లగడ్డ దాటి, మైదుకూరులో టీ తాగేదాకా అదే ఆలోచన. ఆ గుర్తులు కొట్టినవాడు పనీపాటా లేనివాడు కాదు. సరాబు. అంటే నాణేలు పరీక్షించి మార్చే వ్యాపారి. ఆ రూపాయిని చేతిలోకి తీసుకుని, రాయి మీద ఖంగుమనిపించి, అంచు గీకి, లోపల రాగి లేదని తేల్చుకుని తన గుర్తు కొట్టినవాడు. అటువంటి వాళ్లు ఆరుగురు చూసి మంచిదన్న రూపాయి ఈరోజు పాడైన పీసు అయింది. ఎవరూ చూడనిది, బహుశా ఏ కుండలోనో పడి ఉన్నది, మంచి పీసు అయింది. ఈ లెక్క నాకు ఒప్పుదల కాలేదు. ఎందుకు కాలేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను, మధ్యలో నా వాదన నాకే ఎక్కడ అడ్డం తిరిగిందో కూడా చెబుతాను.

గీటురాయి ఇంట్లో పుట్టినవాడి మాట

మాది ప్రొద్దుటూరు. బంగారం గురించి మా ఊరివాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మా నాయన ఒక నగల అంగట్లో ముప్పై ఏళ్లు పని చేశాడు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక నల్లరాయి ఉండేది. నగను దాని మీద గీస్తే పచ్చని గీటు పడుతుంది. పక్కనే వన్నె తెలిసిన బంగారంతో ఇంకో గీటు. రెండింటి మీదా ఆసిడ్ చుక్క వేసి, ఏది ఎంత నిలబడిందో చూసి వన్నె చెప్పేవాడు. అందుకే దాన్ని గీటురాయి అన్నారు. మన భాషలో పరీక్షకు పేరే గీటు. చిన్నప్పుడు నేను గీటును చెడగొట్టడం అనుకోలేదు, అడగడం అనుకున్నాను. 'నువ్వు నిజమేనా?' అని రాయి అడుగుతుంది, బంగారం జవాబు చెబుతుంది.

ఇప్పుడు ఆ రాయి మూలన పడింది, మిషన్ వచ్చింది. నగ పెట్టి మీట నొక్కితే శాతాలు తెర మీద పడతాయి. అయినా గుర్తు మాత్రం పోలేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు గుర్తుల నంబరు ఉండి తీరాలి. మా ఊళ్లో ఆడవాళ్లు భూతద్దం అడిగి తీసుకుని మరీ ఆ ఆరూ వెతుక్కుంటారు, ఫోనులో కొట్టి సరిచూసుకుంటారు. కమ్మల వెనక లేజరుతో చెక్కిన ఆరు అక్షరాలు లేకపోతే నగ కొనం. అదే రూపాయి మీద ఆరుగురు సరాబుల గుర్తులుంటే, చెడిపోయిందని కొనం!

సరాబుల కాలంలో రూపాయికి రూపాయి ఎప్పుడూ సమానం కాదు. ఏ టంకశాలది, ఏ యేటిది, ఎంత అరిగింది, వీటిని బట్టి వట్టం పట్టేవాళ్లు, అంటే విలువలో కొంత కోసుకునేవాళ్లు. ఆర్కాటు రూపాయే చూడండి. ఇంగ్లీషు కంపెనీ వాళ్లూ కొట్టారు, పుదుచ్చేరిలో ఫ్రెంచివాళ్లూ కొట్టారు, ఇద్దరూ మొగలు పాదుషా పేరుతోనే. ఫ్రెంచివాళ్లది అని తెలియాలంటే దాని మీదున్న నెలవంకను పట్టుకోవాలి. పొలం అమ్మి వచ్చిన రైతుకు ఆ ఫారసీ అక్షరాలు ఏం అర్థమవుతాయి? సరాబు గుర్తు ఒక్కటే అతనికి ధైర్యం. మనకే కాదు, చైనాలో స్పెయిన్ వెండి డాలర్ల మీద అక్కడి వర్తకులు ఇలాగే గుర్తులు కొట్టేవాళ్లు. కొట్టీ కొట్టీ కొన్ని నాణేలు చిన్న గిన్నెల్లా గుంట పడిపోయాయి. వాటిని చూస్తే నాకు నవ్వూ వస్తుంది, మర్యాదా కలుగుతుంది.

నేను చేసిన పని

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఈ విషయంలో ఇంకొకరిని తప్పుపట్టే యోగ్యత నాకు అంతగా లేదు.

మా జేజి, అంటే నాయనమ్మ దగ్గర ఐదో జార్జి బొమ్మ ఉన్న వెండి రూపాయి ఒకటి ఉండేది. ఆ కాలపు రూపాయి తులం బరువు, పదకొండు గ్రాముల అరవై ఆరు సెంటీగ్రాములు. (ఇప్పుడు అంగట్లో తులమంటే పది గ్రాములే. తులం కూడా అరిగిపోయింది.) అది పాత వెండి, నూటికి తొంభై ఒకటికి పైగా. 1940లో ప్రభుత్వం వెండిని సగానికి దించేసింది కాబట్టి అంతకుముందువి చాలామంది దాచుకున్నారు. జేజి ఆ రూపాయిని తక్కెట్లో తూకంరాయిగా కూడా వాడేదట. దాని మీద రాజు మెడ కింద మూడు గీట్లు, ఒక సున్నా ఉండేవి. ఎవరో సూదిమొనతో ఓపిగ్గా గీసినవి.

అవి ఏమిటన్నది మా ఇంట్లో తెగని తగాదా. సరాబు గుర్తు అనేవాడు నాయన. కాదు, జేజినాయన వాళ్లు ముగ్గురన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఎవరి మూట వాళ్లకు తెలియాలని గీసుకున్న గుర్తు అనేవాడు చిన్నాయన. జేజిని అడిగితే వక్క నములుతూ "ఉంటే ఉండనీ, నీకేం అడ్డమొచ్చె?" అనేది.

తొమ్మిదో తరగతిలో బడిలో ప్రదర్శన పెట్టారు. నేను రూపాయిని అడిగి తీసుకుని, తళతళా మెరవాలని ముందు చింతపండుతో తోమాను. చాల్లేదు. పక్కింటి ఆచారి దగ్గర సన్నటి గరుకు కాగితం తెచ్చి రుద్దాను. గంటసేపు. రాజు గడ్డం సగం పోయింది, గీట్లు పూర్తిగా పోయాయి. రూపాయి అద్దంలా మెరిసింది. బహుమతి మాత్రం రాలేదు.

జేజి దాన్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏం పని చేస్తివిరా నాయనా! ఇప్పుడిది ఊళ్లో అందరి రూపాయి మాదిరే అయిపాయ" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ గీట్లు ఎవరివో మాత్రం చివరిదాకా చెప్పలేదు.

రాజు కొడితే ముద్ర, మనం గీస్తే మచ్చ

నాణేల గురించి చదవడం మొదలుపెట్టాక నన్ను బాగా ఆపేసినది జోగల్తెంబి నిధి. 1906లో నాసిక్ దగ్గర దొరికింది. పదమూడు వేలకు పైగా వెండి నాణేలు, అన్నీ క్షహరాత వంశపు రాజు నహపానుడివి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. ఒకవైపు మూడు కమానుల కొండ, ఇంకోవైపు ఉజ్జయినీ గుర్తు, అంటే నాలుగు కొసలా సున్నాలున్న కూడిక గుర్తు. నహపానుడి ముక్కూ చెంపా ఆ కొండ కింద నుంచి తొంగిచూస్తుంటాయి. శాతవాహనులంటే మనకు మన ఇంటివాళ్లే కాబట్టి దీన్ని గర్వంగా చెప్పుకుంటాం. పాఠాల్లో విజయానికి సాక్ష్యం. మ్యూజియంలో గాజు పెట్టె.

నిజానికి జరిగిందేమిటి? ఒకడి నాణెం మీద ఇంకొకడు కొట్టాడు. సరాబు చేసిందీ అదే. మొదటివాడు రాజు, రెండోవాడు అంగడివాడు, అంతే తేడా. శాతకర్ణి కొట్టినందుకు ఆ నాణేనికి గౌరవం పెరిగింది. సరాబు కొట్టినందుకు ఆర్కాటు రూపాయి ధర పడిపోయింది. పాత ముఖాన్ని ఎక్కువ చెరిపింది ఎవరని చూస్తే శాతకర్ణే!

ఇంకొంచెం వెనక్కి పోదాం. మన దేశపు తొలి వెండి నాణేలకు ముఖాలే లేవు. ముప్పై రెండు గురిగింజల ఎత్తు వెండి ముక్క, అంటే మూడు గ్రాములకు కొంచెం పైన. దాని మీద సూర్యుడు, ఆరు చేతుల చక్రం, చెట్టు, జంతువు లాంటి ఐదు ముద్రలు. వెనకవైపు మాత్రం చిన్న చిన్న గుర్తులు, ఒకదానికి లేవు, ఒకదానికి రెండు, ఇంకోదానికి పది. చాలాకాలం పండితులు ముందువైపు ఐదింటి కోసమే కొట్టుకున్నారు. దామోదర్ ధర్మానంద కోశాంబి గణితం మనిషి, పుణెలో పాఠాలు చెప్పేవాడు. ఆయన త్రాసు తెచ్చుకున్నాడు. తక్షశిల నిధిలోని నాణేలను ఒక్కొక్కటిగా తూచి చూస్తే, వెనక గుర్తులు పెరిగేకొద్దీ సగటు బరువు తగ్గుతూ పోయింది. ఎక్కువ చేతులు మారిన నాణెం ఎక్కువ అరుగుతుంది, ఎక్కువసార్లు పరీక్షకు నిలబడుతుంది, ప్రతిసారీ వెనక ఒక గుర్తు పడుతుంది. అంటే చెట్టు మానులో ఏటేటా పడే వలయాల్లా నాణేనికి వయసు చెప్పేవి ఆ వెనకవైపు పిచ్చిగీతలే. అవి లేకపోతే, లేదా నాలాంటివాడు గరుకు కాగితంతో రుద్దేసి ఉంటే, ఆయన త్రాసుకు చెప్పడానికి సగం మాటే మిగిలేది.

మన జిల్లాల మీదుగానూ ఆ నాణేల కాలం నడిచింది. పత్తికొండ పక్కన ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనం ఉంది. అందులో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, తర్వాతి వరుస కుడి నుంచి ఎడమకి, ఎద్దు మళ్లినట్టు సాగుతాయి. చెక్కినవాడికి అలా ఎందుకు తోచిందో! రాజు మాటల్ని పక్కనపెట్టి నేను ఆ మళ్లింపుల కోసమే రెండుసార్లు పోయాను. మాటలు రాజువి గానీ ఆ చేతివాటం మాత్రం అక్కడ ఎండలో కూర్చున్న ఒక మనిషిది.

రోమా రాజుల తలల మీద కత్తిగాటు

ఇక్కడిదాకా వాదన నున్నగా వచ్చింది. ఇక్కడే ఇరుక్కుంది.

దక్షిణాదిలో దొరికిన రోమన్ నాణేల సంగతి తెలిసిందే. 1898లో తమిళనాట పుదుక్కోట సీమలో దొరికిన నిధిలో 501 బంగారు నాణేలున్నాయి. వాటిలో నూటికి తొంభైకి పైగా నాణేల మీద చక్రవర్తి తలకు అడ్డంగా ఉలిగాటు ఉంది. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన పదిహేను వందలకు పైగా వెండి నాణేల్లోనూ గాట్లు పడ్డవి ఉన్నాయి. ఇవి సరాబు పరీక్షలే అని చెప్పేస్తే నా వాదనకు సుఖం. పరీక్ష అవసరమైన మాట నిజమే. లోపల రాగి పెట్టి పైన వెండి తొడిగిన దొంగ నాణేలు ఆ కాలంలో అంతటా ఉన్నాయి. ఏథెన్సులో క్రీస్తుపూర్వం 375లో దీనికోసం చట్టమే చేశారు. బజారులో కూర్చున్న పరీక్షకుడు, లోపల రాగో సీసమో కనబడితే ఆ నాణేన్ని అక్కడికక్కడే నరికి దేవతల తల్లి గుడికి ఇచ్చేయాలి.

కానీ పరీక్షకైతే అంచున ఒక గాటు చాలదా? పుదుక్కోటలో గాటు వరుసగా తల మీదే ఎందుకు పడింది? అదీ బంగారం మీద, ఒకే తీరుగా, ఒకటే వేటు. దీనికి పండితులు చెప్పేవి రెండు మూడు దారులున్నాయి. ఇక మీదట ఇది డబ్బుగా చెల్లదు, ఉత్త బంగారమే అని స్థానిక పాలకుడు రద్దు చేయించాడని కొందరు. పరాయి రాజు ముఖం మన సీమలో తిరగకూడదని కొట్టారని ఇంకొందరు. ఏదైనా సరే, అది నేను ఊహించుకున్న ఓపికైన సరాబు చేయి కాదు. పై నుంచి వచ్చిన హుకుం. నేను 'చిన్నవాళ్ల రాత' అంటున్న గీతల్లో కొన్ని పెద్దవాళ్ల ఆజ్ఞలే కావచ్చు.

రోమన్ రచయిత ప్లినీ రాసిన ఒక కథ దీన్ని ఇంకా చిక్కు చేస్తుంది. సింహళానికి కొట్టుకొచ్చిన రోమా మనిషి దగ్గర ఉన్న వెండి నాణేలను అక్కడి రాజు చూశాడట. బొమ్మలు వేరు, కొట్టించిన రాజులు వేరు, బరువు మాత్రం అన్నిటిదీ ఒకటే. ఆ నిజాయితీకి ఆశ్చర్యపోయాడట. బొమ్మలు మారినా బరువు మారని నాణేన్ని మెచ్చుకున్న ప్రాంతంలోనే ఆ బొమ్మ తల నరకడమేమిటి? నమ్మకమూ అనుమానమూ ఒకే వీధిలో కాపురముండేవేమో. మా నాయన అంగట్లోనూ అంతే. ముప్పై ఏళ్ల ఖాతాదారు తెచ్చిన నగనైనా గీటు పెట్టకుండా తీసుకున్నది లేదు, వచ్చినాయన అందుకు నొచ్చుకున్నదీ లేదు.

గండికోటలో మేనల్లుడి ప్రశ్న

రెండో ఇరకాటం ఇంట్లోనుంచే వచ్చింది. సంక్రాంతి సెలవుల్లో అక్క పిల్లల్ని గండికోటకు తీసుకుపోయాను. పెన్న లోయ చూసి, ధాన్యాగారం దగ్గరికి వచ్చేసరికి పెద్దోడు బండితాళంతో గోడ మీద ఏదో గీస్తున్నాడు. అప్పటికే అక్కడ రాయి కనబడనన్ని పేర్లు, గుండె బొమ్మలు, బాణాలు. చెయ్యి పట్టుకుని లాగి గట్టిగా కసిరాను.

"నువ్వే గదా మామా, పాత గీతలు చెరపగూడదు, అవే అసలు చరిత్ర అంటివి! నాదీ వెయ్యేండ్లకు చరిత్రే" అన్నాడు.

వెంటనే జవాబు తోచలేదు. తర్వాత ఒకటి కూర్చుకున్నాను. నాణెం గీసినవాడి సొంతం, లేదా అతని చేతికి నమ్మి ఇచ్చినది. గోడ నీది కాదు. సరాబు గీటు తర్వాతివాడికి పనికొస్తుంది. నీ పేరు ఎవరికీ పనికిరాదు. బాగానే ఉందనిపించింది, స్కాండినేవియాలో దొరికిన అరబ్బు దిర్హాముల సంగతి గుర్తొచ్చేదాకా. వైకింగులు, అంటే అక్కడి పాతకాలపు ఓడవాళ్లు, తెచ్చుకున్న ఆ వెండి నాణేల మీద ఖలీఫా పేరూ అల్లా నామమూ ఉంటాయి. వాటి మీద అక్కడివాళ్లు కత్తిమొనతో పడవలు గీసుకున్నారు, థోర్ దేవుడి సుత్తి గీసుకున్నారు, రూనిక్ అనే తమ పాత లిపిలో 'దేవుడు' అని రాసుకున్నారు. వెండి పరీక్షకు ఒక చిన్న గిచ్చు చాలు, దానికి పడవ బొమ్మ అక్కర్లేదు. అది మా మేనల్లుడి పనే. ఊసుపోకో, భక్తితోనో, 'ఇది ఇప్పుడు నాది' అనుకునే సంతోషంతోనో గీసినది. అయినా ఆ పడవలంటే నాకు ప్రాణం.

కాబట్టి పనికొచ్చే గీటు, పనికిరాని గీటు అన్న నా గీత నిలవదు. సొంతం, పరాయి అన్నది ఇప్పటికి నిలుస్తుంది. వాడిని కసిరినందుకు నాకు విచారం లేదు, గోడను ఇంకొకసారి గీస్తే మళ్లీ కసురుతాను. కానీ అక్కడ పాతవాళ్లు ఎవరైనా గీసిన పేరుంటే దాన్ని సిమెంటుతో పూడ్చమని మాత్రం అనను. ఇందులో తిరకాసు ఉందని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

నాణేలు సేకరించే మిత్రుడు ఒకాయన అనంతపురంలో ఉన్నాడు. ఆయన అభ్యంతరం ఇంకో రకం. "నువ్వు గీట్లకు విలువ కట్టడం మొదలుపెడితే రేపు అమ్మేవాళ్లే గీట్లు గీసి అమ్ముతారు" అంటాడు. నిజమే. కానీ దానికి గీటే జవాబు చెబుతుంది. పాత గీటు లోపల కూడా నాణేనికి పట్టిన నలుపే పట్టి ఉంటుంది. నిన్న గీసినది లోపల తెల్లగా మెరుస్తుంది. మరీ ఆరితేరినవాడు దానికీ మందు వేస్తాడనుకోండి. అలాంటివాడు శుభ్రమైన నాణేన్నే మొత్తంగా పోతపోసి అమ్మగలడు. గీట్లు తోమి తీసేసి, అరిగిన ముక్కును మళ్లీ చెక్కి, 'మంచి పీసు' అని అమ్మేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. ఆ మోసానికి గిరాకీ తెచ్చింది శుభ్రం మీద మన మోజే కదా అని నేనంటే, మిత్రుడు ఒప్పుకోలేదు. నాగలి తగిలి పడిన గాటుకూ, పారతో తవ్వినవాడు చేసిన గాయానికీ కూడా కథలు అల్లేస్తావా అన్నాడు. అల్లను. కానీ ముందు ఏది ఏదో చూడాలి కదా. పాడైన పీసు అని పక్కన పడేస్తే చూసేదెవరు?

మళ్లీ ఆ టేబుల్ దగ్గరికి

ప్రదర్శన మూడు రోజులు. మైదుకూరులో టీ తాగి ఇంటికి పోయినవాణ్ణి, మూడో రోజు మళ్లీ కర్నూలు బస్సెక్కాను. గీట్ల రూపాయి ఇంకా అక్కడే ఉంది. శుభ్రమైనది అమ్ముడుపోయింది. భూతద్దం పెట్టి ఒక్కో గుర్తునూ చూశాను. నెలవంక మీద పువ్వు కొద్దిగా ఎక్కి ఉంది, అంటే పువ్వు తర్వాత వచ్చింది. చుక్క అన్నిటికన్నా అరిగి ఉంది, బహుశా మొదటిది. ఇద్దరు సరాబుల మధ్య ఎన్నేళ్లో, ఎన్ని సంతలో.

అమ్మే ఆయన నన్ను గుర్తుపట్టాడు. ధర అదే చెప్పాడు. నేను మా నాయన కొడుకుని, ప్రొద్దుటూరువాణ్ణి. నోరు ఊరుకోలేదు.

"అన్ని గీట్లున్నాయి కదన్నా, ఇంకో మూడొందలు తగ్గించుకో" అనేశాను.

తగ్గించాడు.

ఇంటికి తెచ్చి జేజి రూపాయి పక్కన, అదే డబ్బీలో పెట్టాను. జేజిది ఇప్పటికీ మెరుస్తూనే ఉంది. దీపం పక్కకు పెట్టి ఏటవాలుగా చూస్తే రాజు మెడ కింద సున్నా ఉన్నచోట ఒక చిన్న పల్లం ఉన్నట్టు అనిపిస్తుంది. మూడు గీట్లు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.